పేరమ్మగారి శని, గుర్రుమనే గొట్టం

మా పక్కింటి సొరకాయలపాటి వారిని మించిన తెలివిగలవాళ్ళు తణుకులో లేరు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అంటారు. రోజుకి రెండుసార్లు, తీరిక దొరికితే మూడుసార్లు.

"లోకంలో అందరికీ చెవులున్నాయి, వినరు. విన్నవాళ్ళు చెయ్యరు. చేసినవాళ్ళు చెప్పినట్టు చెయ్యరు. మేం అలా కాదండి. అన్న మాట అన్నట్టు, అక్షరం పోకుండా చేస్తాం" అంటాడు పెద్దబ్బాయి గవర్రాజు, వీధి అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని ఆపి మరీ.

అది వాళ్ళకి వంశపారంపర్యం. వాళ్ళ తాతగారు ఒకసారి రాజమండ్రి వెళ్దామని స్టేషనుకి వెళ్తే, "బండొచ్చేదాకా ఇక్కడ కూర్చోండి" అన్నాడట స్టేషను మాస్టరు. కూర్చున్నారు. బండొచ్చింది. లేచి నిలబడ్డారు. బండి వెళ్ళిపోయింది. ఎక్కమని ఎవరూ చెప్పలేదు మరి. ఇంటికొచ్చి ఆ సంగతి గర్వంగా చెప్పుకున్నారట. ఆ గర్వం ఇప్పటికీ ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఇంట్లో ఉండేది నలుగురు. తల్లి పేరమ్మగారు, ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. పెద్దకొడుకు గవర్రాజు, మనిషి గాదెలా ఉంటాడు. అతని భార్య మాణిక్యాంబ. చిన్నకొడుకు తాతబ్బాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి "ఆలోచించుకుని చెప్పండి బాబూ" అన్నాడట. ఇరవయ్యేళ్ళయింది, ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఇలా ఉండగా, మొన్న మార్గశిరంలో ఒక సోమవారం సిద్ధాంతిగారు వచ్చి పేరమ్మగారి జాతకం చూసి, "అమ్మా, మీకు ఏలినాటి శని అయిపోవచ్చింది. ఆదివారం పొద్దున్నే శని మిమ్మల్ని వదిలి వెళ్ళిపోతాడు. ఇక నిశ్చింతగా ఉండండి" అన్నారు.

ఇంకొకళ్ళయితే పాయసం వండుకునేవారు. పేరమ్మగారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"వెళ్ళిపోతాడా? ఏడున్నరేళ్ళు నా నెత్తిన కూర్చున్నాడు. మా ఆయన్ని తీసుకుపోయాడు. చూలుగేదెని తీసుకుపోయాడు. నా రెండు మోకాళ్ళూ తీసుకుపోయాడు. ఇంత చేసినవాడి మొహం ఒక్కసారైనా చూడకుండా పంపించేస్తానా? చూడాలి. చూసి ఒక్క మాట అడగాలి."

"ఏం మాటమ్మా?" అన్నాడు తాతబ్బాయి.

"ఎందుకురా నాయనా, నేనేం చేశాను నిన్ను, అని."

పెద్దాయన పోయినప్పుడు కూడా ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇన్నాళ్ళకి అడగడానికి ఒకడు దొరికాడు, వాడేమో ఆరు రోజుల్లో ఊరు వదిలిపోతున్నాడు. కొడుకులిద్దరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతే, ఎలాగైనా సరే ఆదివారం లోపల అమ్మకి శనిని చూపించి తీరాలని అనుకున్నారు.

రాజమండ్రిలో జిలానీగారని ఒకాయన ఉన్నారు. కాలేజీ సైన్సు ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. గడియారాలు, దుర్భిణీలు బాగుచేస్తుంటారు. ఆయన దగ్గర ఒక కంప్యూటరు టెలిస్కోపు ఉంది. మూడు కాళ్ళ స్టాండు, దాని మీద లావుపాటి గొట్టం, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పడానికొక మోటారు, పైకీ కిందకీ ఎత్తడానికింకొకటి. చేతిలో పట్టుకునే మీటల పెట్టె ఉంటుంది. అందులో శని అని నొక్కితే గొట్టం దానంతట అదే తిరిగి శని వైపు చూస్తుంది. జిలానీగారు పెద్దావిడ ముచ్చట విని, "వారం రోజులు మీ దగ్గరే ఉంచుకోండి" అని ఇచ్చి పంపారు.

గురువారం సాయంత్రం అది డాబా మీదకి ఎక్కింది. కొత్త వస్తువు ఇంటికొస్తే దిష్టి తగలకుండా ఏం చెయ్యాలో మాణిక్యాంబకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. నల్లదారానికి నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చి, గొట్టానికీ స్టాండుకీ మధ్య కదలకుండా గట్టిగా కట్టింది. హారతిచ్చింది. తాతబ్బాయి మీట నొక్కాడు.

ఇంకేముంది, గుర్ర్ర్... కిర్ర్ర్... కీచు కీచుమని ఒకటే మోత. మా డాబా మీది కాకులు లేచిపోయాయి. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూస్తే గొట్టం జానెడు తిరుగుతోంది, మూలుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది.

"ఆపండర్రా" అన్నారు పేరమ్మగారు చెవులు మూసుకుని. "ఈ గోలతో వాడి దగ్గరికెళ్తే ఉలిక్కిపడి లేస్తాడు. పోయేవాడు కాస్తా కోపమొచ్చి ఇంకో ఏడున్నరేళ్ళు కూర్చుంటాడు. ఈ మోత తగ్గేదాకా నేను అందులో కన్ను పెట్టను."

తెలివైన మాటే అనుకున్నారు ముగ్గురూ. ఎలుకని పట్టబోయే పిల్లి డప్పు కొట్టుకుంటూ వెళ్ళదు కదా. శుక్రవారం పొద్దున్నే జిలానీగారికి ఫోను చేశారు.

"మోటార్లు అరుస్తున్నాయా? ఏ మోటారు, ఎలాంటి శబ్దం, నేను వినాలి" అన్నారాయన. "ఫోను తీసుకెళ్ళి మోటారు దగ్గర పెట్టండి."

తాతబ్బాయి ఫోను తీసుకెళ్ళి మోటారు దగ్గర పెట్టాడు. మీట నొక్కాడు. పెద్దలు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడడం మర్యాద కాదని ముగ్గురూ కిందికి దిగి కాఫీ తాగారు. పైన ఫోనులో జిలానీగారు "హలో, హలో, విన్నాను, ఇంక ఆపండి, ఎవరండీ అక్కడ" అని గొంతు చించుకున్నారు. ముప్పావుగంట తర్వాత తాతబ్బాయి పైకెళ్ళి ఫోను తీశాడు.

"ఇంతసేపూ ఏమైపోయారు?" అన్నారాయన నీరసంగా.

"కిందే ఉన్నామండి. మీరు మోటారుతో మాట్లాడుతున్నారు కదాని మధ్యలో రాలేదండి. ఏమంటదండి?"

జిలానీగారు ఓర్పున్న మనిషి. ముప్పయ్యేళ్ళు కాలేజీ పిల్లలతో వేగినవాడు. ఊపిరి పీల్చుకుని అడిగారు. "పళ్ళచక్రాల మధ్య వైరేమైనా ఇరుక్కుందేమో చూశారా?"

తాతబ్బాయి మూత సందులోంచి ఒంగి చూశాడు. "వైరు లేదండి."

"సరే. మరి బరువు చూశారా? అటూ ఇటూ బరువు సమానంగా ఉండాలి. ఒకవైపు ఎక్కువైతే మోటారు మూలుగుతుంది."

గొట్టం బరువని ఆయన అనలేదు, వీళ్ళూ అనుకోలేదు. ముగ్గురూ రాంబాబు బియ్యం కొట్టుకెళ్ళి కాటా ఎక్కారు. గవర్రాజు తొంభై ఆరు కిలోలు. తాతబ్బాయి యాభై ఒకటి, మాణిక్యాంబ అరవై రెండు. ఇద్దరూ కలిస్తే నూటపదమూడు. గవర్రాజు వైపు పదిహేడు తక్కువ. రుబ్బురోలు పొత్రం తెచ్చి తూచారు, సరిగ్గా పదిహేడు. ఆ లెక్క కుదిరేసరికి వాళ్ళ మొహాలు చూడాలి. కొట్లో ఉన్నవాళ్ళకి కూడా చెప్పి సంతోషించారు.

డాబా మీద గొట్టానికి వెనక వదినా మరిదీ, ముందు పొత్రం ఎత్తుకుని గవర్రాజు. పేరమ్మగారు మీట నొక్కారు. గుర్ర్ర్, కీచు కీచు.

"సమానం చేశామండి, అయినా అరుస్తంది" అని మళ్ళీ ఫోను చేశారు.

"అయితే ముందువైపు బరువు ఎక్కువై ఉంటుంది. కాస్త వెనక్కి జరపండి. శబ్దం తగ్గేదాకా కొంచెం కొంచెంగా జరుపుతూ ఉండండి."

ముందువైపు ఉన్నది గవర్రాజు. "వెనక్కి జరుగన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి. అడుగు జరిగాడు. శబ్దం తగ్గలేదు. ఇంకో అడుగు. తగ్గలేదు. ఇంకో అడుగు. వాళ్ళ డాబాకి మా వైపు పిట్టగోడ లేదు. మా డాబా మూడడుగులు కిందికి ఉంటుంది. దాని మీద నేను పొద్దున్నే గుమ్మడి వడియాలు పెట్టుకున్నాను.

అంతే. తొంభై ఆరు కిలోల మనిషి పచ్చి వడియాల్లో కూర్చున్నాడు. పొత్రం నా కరివేపాకు కుండీని రెండు చేసింది. నేను నోరు తెరిచేలోగా గవర్రాజు అక్కణ్ణించే తల పైకెత్తి అడిగాడు.

"శబ్దం తగ్గిందేంట్రా?"

"మోటారుది తగ్గలేదన్నయ్యా. నీదొకటి కొత్తగా వచ్చింది."

నడుముకి పట్టీ వేసుకుని గవర్రాజు మంచమెక్కాడు గానీ పట్టుదల వదల్లేదు. సాయంత్రం మళ్ళీ ఫోను.

"కరెంటు సరిగ్గా అందకపోయినా మోటారు అలాగే ఏడుస్తుంది" అన్నారు జిలానీగారు. "ఇంకేదైనా కరెంటు లాగేస్తోందేమో చూడండి. టెలిస్కోపు తప్ప మిగతావన్నీ కాసేపు ఆపెయ్యండి."

ఆపారు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు. మాణిక్యాంబ పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గ్యాసు ఆపింది. తాతబ్బాయి గోడ గడియారంలో బ్యాటరీ తీశాడు. అది చాలక వీధిలో పడ్డాడు. మా ఇంటికొచ్చేసరికి నేను రేపటి ఇడ్లీకి పిండి రుబ్బుతున్నాను.

"పిన్నిగారూ, మీ గ్రైండరు మా శనిని లాగేస్తందండి. కాస్త ఆపండి."

పెద్దావిడ కోసమని ఆపాను. పాపం, వాడూ తల్లి కోసమే కదా తిరుగుతున్నది. అయినా మోత తగ్గలేదు. అప్పుడు మాణిక్యాంబ గుమ్మం దగ్గర మీటరు చూసి కనిపెట్టింది.

"ఏవండీ, అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతానే ఉంది. ఇంకా ఎవరో లాగేస్తన్నారు."

"ఎవరో తెలీకపోతేనేం, అందర్నీ ఒకేసారి ఆపేద్దాం" అని గవర్రాజు మంచం మీంచే ఆజ్ఞ వేశాడు. తాతబ్బాయి మెయిన్ ఫ్యూజు పీకేశాడు.

ఎంత నిశ్శబ్దం. డాబా మీద చిన్న చప్పుడు లేదు. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మాణిక్యాంబ కొబ్బరికాయ కొట్టింది. తాతబ్బాయి ఆనందం పట్టలేక జిలానీగారికి ఫోను చేశాడు.

"మోత పూర్తిగా పోయిందండి. మీ చలవే."

"చాలా సంతోషం. గొట్టం హాయిగా తిరుగుతోందా?"

"తిరగట్లేదండి."

"తిరక్కపోతే మరి..."

"మీరు మోత గురించే అడిగారండి. తిరగడం గురించి అడగలేదు."

కారణం కనుక్కునేసరికి జిలానీగారి ఫోనులో బ్యాటరీ అయిపోయింది. ఆ రోజుకి శని దర్శనం లేదు. పేరమ్మగారు డాబా మీదే కుర్చీ వేసుకుని, ఆకాశంలో వాడు ఏ చుక్కో తెలీక, అన్ని చుక్కల్నీ వరసగా కోపంగా చూసి కిందికి దిగారు. "ఇంక ఒక్క రోజే ఉంది మాణిక్యం" అన్నారు మెట్ల మీద. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

శనివారం పొద్దున్న జిలానీగారు ఇంక మూత విప్పక తప్పదన్నారు. "మూతకి ఆరు స్క్రూలుంటాయి. జాగ్రత్తగా తియ్యండి. ఎక్కడి స్క్రూ అక్కడే పెట్టాలి సుమా, తారుమారు చెయ్యకండి."

తాతబ్బాయి మొదటి స్క్రూ తీశాడు. తీసినచోటే పెట్టి బిగించాడు. రెండోది తీశాడు, పెట్టి బిగించాడు. ఆరూ అయ్యేసరికి చెమటలు పట్టాయి. ఎందుకైనా మంచిదని ఇంకో విడత కూడా చేశాడు.

"ఆరూ విప్పానండి. మూత మాత్రం ఊడట్లేదు."

"విప్పిన స్క్రూలు ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడివక్కడే పెట్టానండి, తారుమారు కానిస్తానా."

జిలానీగారు చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "నాయనా, మూత ఊడొచ్చేదాకా ఏదీ తిరిగి పెట్టకు."

ఈసారి ఊడింది. లోపల ఇత్తడి పళ్ళచక్రాలు కనిపించాయి. వాటి మధ్య నల్లగా ఏదో చుట్టుకుని ఉంది. "వైరు గానీ ఉందా లోపల?" అని ఆయన మళ్ళీ అడిగారు. తాతబ్బాయి కళ్ళు చికిలించి చూసి, "వైరన్నది లేదండి" అన్నాడు నిజాయితీగా.

"అయితే గ్రీజు ఎండిపోయి ఉంటుంది. పాతది తుడిచేసి కొత్తది పల్చగా రాయండి. ముద్దలు ముద్దలుగా కాదు. మీ అమ్మగారి మోకాళ్ళకి మందు రాస్తారు చూడండి, అచ్చం అలాగ."

ఆ ఒక్క మాట ఆయన అనకుండా ఉండాల్సింది. పేరమ్మగారి మోకాళ్ళకి మందు రాయడమంటే ఆ ఇంట్లో పెద్ద పద్ధతి. ముందు ఘాటైన నొప్పుల మందు రాసి, గుండ్రంగా ఇరవైసార్లు రుద్దుతుంది మాణిక్యాంబ. తర్వాత కళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెడుతుంది. ఆపైన ఉన్నిగుడ్డ చుడుతుంది. అచ్చం అలాగ అన్నారు కాబట్టి అచ్చం అలాగే చేసింది. చక్రాలకి మందు రాసింది. ఇరవై లెక్కపెట్టి రుద్దింది. వేడివేడి ఉప్పుమూట పెట్టి నొక్కింది. ఇత్తడి పళ్ళు మోకాళ్ళంత మెత్తగా ఉండవు కదా, మూట చిరిగింది. గుప్పెడు ఉప్పు లోపలికి పోయింది. పోతే పోయిందని పైన ఉన్నిగుడ్డ చుట్టేసింది.

మీట నొక్కారు. ఈసారి మరమరాలు వేయిస్తున్నట్టు కరకరలాడి, దాని మీద గుర్ర్ర్, దాని మీద కీచు కీచు. నొప్పుల మందు వాసన మా పెరట్లోకి కొట్టింది.

"మందు రాశామండి" అన్నాడు తాతబ్బాయి ఫోనులో. "కాపడం కూడా పెట్టామండి. ఉప్పు కాస్త లోపలికి పోయింది. అయినా నొప్పి తగ్గినట్టు లేదండి, ఇంకా అరుస్తంది."

"ఉప్పా?" అన్నారు జిలానీగారు. "బాబూ, నేను బయల్దేరుతున్నాను. నేనొచ్చేదాకా మీరెవరూ ఏమీ చెయ్యకండి. దండం పెడతాను, ఏమీ చెయ్యకండి."

"అన్నయ్యా, వదినా, ఆయనొచ్చేదాకా ఎవరూ ఏమీ చెయ్యకూడదంట" అని తాతబ్బాయి మేడ మీంచి కేకేశాడు.

ఇంకేముంది. ఆ కేక వినపడేసరికి గవర్రాజు స్నానాల గదిలో ఒంటినిండా సబ్బు రాసుకుని ఉన్నాడు. చెంబు కింద పెట్టేశాడు. మాణిక్యాంబ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది, అగ్గి వెలిగించబోయి ఆగిపోయింది. తాతబ్బాయి ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింద మెట్టు మీద ఉంచి అలాగే ఉండిపోయాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటిదాకా ఆ ఇంట్లో చీమ కదల్లేదు. పేరమ్మగారు కూడా ఆకలేస్తోందని అనలేదు. బుగ్గన చెయ్యి పెట్టుకుని గొట్టం పక్కనే కూర్చున్నారు. మా డాబా మీంచి నేను భోజనానికి రమ్మంటే తల అడ్డంగా ఊపారు.

"ఇంకో పూట ఉన్నాడు, అంతే" అన్నారు. "మాట అడక్కుండానే పోతాడు కాబోలు."

నాకు వడియాల తాలూకు కోపం అప్పుడే పోయింది.

జిలానీగారు రాజమండ్రి బస్సు దిగి వచ్చేసరికి తలుపు తీసేవాళ్ళు లేరు. తోసుకుని లోపలికొచ్చి మనుషుల్ని చూసి హడలిపోయారు. ముందు గవర్రాజుని నీళ్ళు పోసుకోమన్నారు. సబ్బు ఎండి చర్మం అప్పడంలా పగులుతోంది పాపం. తాతబ్బాయి కాళ్ళు తిమ్మిరెక్కి కిందికి దిగలేకపోతే చెయ్యిచ్చి దింపారు. తర్వాత డాబా ఎక్కి, ఉన్నిగుడ్డ విప్పి, కుంచెతో ఉప్పు దులిపి, మందంతా కిరోసిన్‌తో కడిగారు. అప్పుడు చక్రాల మధ్యలోంచి పట్టుకారుతో బయటికి లాగారు. నల్లదారం. లాగుతుంటే మూరెడు, బారెడు వచ్చింది. చివర ఒక నలిగిపోయిన పచ్చిమిరపకాయ.

"ఇదేంటండీ?" అన్నారు జిలానీగారు.

"దిష్టిదారమండి" అంది మాణిక్యాంబ.

"ఇది చుట్టుకునే మోటారు తిరగలేక అరుస్తోంది. వైరేమైనా ఇరుక్కుందా అని నేను రెండుసార్లు అడిగాను కదా?"

"ఆయ్, అడిగారండి" అన్నాడు తాతబ్బాయి. "రెండుసార్లూ చూశాను. వైరు లేదండి. దారముంది. మీరు దారం సంగతి అడగలేదు."

జిలానీగారు మిరపకాయని చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత తన డబ్బాలోని గ్రీజు రాసి, మూత పెట్టి, ఆరు స్క్రూలూ తన చేత్తోనే బిగించారు. మోటారు వేగం కూడా తగ్గించారు. సంధ్యవేళ దాటి చుక్కలు పొడిచాక మీట నొక్కారు. గొట్టం మెత్తగా లేచింది, తిరిగింది, ఆగింది. పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు.

"రండి పెద్దమ్మగారూ, శని దొరికాడు" అన్నారు. "ఒక కన్ను మూసుకుని ఇందులో చూడండి."

పేరమ్మగారు ఒక కన్ను మూసుకున్నారు. మూసిన కన్ను గొట్టానికి పెట్టారు. "చీకటిగా ఉంది" అన్నారు. "ఆ కన్ను కాదమ్మా, రెండోది మూసుకోండి" అంటే రెండోది కూడా మూసుకున్నారు. చివరికి మాణిక్యాంబ ఒక కన్ను తన చేత్తో మూసి, రెండో కన్ను తన వేళ్ళతో తెరిచి పట్టుకుంది.

పేరమ్మగారు చూశారు.

కొడుకులిద్దరూ దగ్గరికి జరిగారు. ఆవిడ ఇప్పుడు తిడతారు, ఏడున్నరేళ్ళ తిట్లు ఒకేసారి తిడతారు అనుకున్నారు. నేను కూడా మా డాబా మీంచి చెవులు రిక్కించాను. ఆవిడ కన్ను తియ్యకుండా చాలాసేపు చూస్తూనే ఉన్నారు.

"ఇంతేనా?" అన్నారు చివరికి. "వీడేనా? ఇంత ఉన్నాడేంటి, శనగగింజంత."

"అడగమ్మా, అడుగు" అన్నాడు గవర్రాజు.

"ఏం అడగన్రా? పసివాడురా. ఒంటి మీద నూలుపోగు లేదు. నడుముకి ఒక్క మొలతాడు ఉంది, అంతే. చలికి గజగజ వణికిపోతున్నాడు."

"అది వణుకు కాదు పెద్దమ్మగారూ" అన్నారు జిలానీగారు. "మధ్యలో గాలి కదులుతుంటే మనకి అలా కనిపిస్తుంది. నడుము చుట్టూ ఉన్నది మొలతాడు కాదు, దాన్ని వలయం అంటారు."

"గాలే కదా నాయనా, నేనూ అదే అంటున్నాను. మార్గశిరం గాలి. వాడేమో ఆరుబయట." పేరమ్మగారు గొట్టం మీంచి మొహం తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఎవరు చూస్తార్లే పాపం. తండ్రి సూర్యుడు, సాయంత్రం పోతే మళ్ళీ పొద్దున్నే కనిపిస్తాడు. తల్లి నీడ. నీడ ఎత్తుకుంటుందా, అన్నం పెడుతుందా? అందుకే దొరికిన నెత్తినెక్కి కూర్చుంటాడు. నా దగ్గర ఏడున్నరేళ్ళు కూర్చున్నాడు, ఒక్కపూట కూడా పలకరించలేదు నేను. తిట్టాను."

గవర్రాజు ముక్కు ఎగబీల్చాడు. మాణిక్యాంబ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ నాన్న శాలువా ఉంది పెట్టెలో, పట్రా" అన్నారు పేరమ్మగారు.

తాతబ్బాయి పరుగున వెళ్ళి తెచ్చాడు. పెద్దాయన చలికాలమంతా కప్పుకుని అరుగు మీద కూర్చునే ముదురు ఎరుపు శాలువా. ఆవిడ దాన్ని మడత విప్పి, వాసన చూసి, గొట్టం మూతి మీదుగా నాలుగు వరసలు కప్పి, చంటిపిల్లకి తలగుడ్డ కట్టినట్టు ముడేశారు. ఆవిడ మళ్ళీ కన్ను పెట్టి చూశారు. లోపల చీకటి.

"పడుకున్నాడు" అన్నారు గుసగుసగా.

"అది కాదండీ" అన్నారు జిలానీగారు.

"ష్. మెల్లిగా నాయనా. ఇప్పుడే కునుకు పట్టింది."

అంతే, ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు మెట్లు దిగారు. జిలానీగారు చదువుకున్న మనిషి, అన్నీ తెలిసినాయన. ఆయన కూడా మునివేళ్ళ మీదే దిగారు, నేను కళ్ళారా చూశాను.

ఆదివారం తెల్లవారగానే సిద్ధాంతిగారు శనికి వీడ్కోలు పూజ చేయిద్దామని నల్లగుడ్డలో రెండు కిలోల నువ్వులు మూటకట్టుకుని వచ్చారు. గేటు దగ్గరే పేరమ్మగారు నోటి మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చారు.

"చప్పుడు చెయ్యకండి. పైన పడుకున్నాడు."

"ఎవరమ్మా?"

"శని."

సిద్ధాంతిగారు ఒకడుగు వెనక్కి వేశారు. "ఈ పూట వెళ్ళిపోవాలి కదమ్మా ఆయన. ముహూర్తం కూడా చూశాను."

"ఎక్కడికి పోతాడండీ ఈ చలిలో?" అన్నారు పేరమ్మగారు. "శివరాత్రికి గానీ చలి శివశివా అని పోదు. అప్పటిదాకా మా ఇంట్లోనే ఉంటాడు. ఆ నువ్వులు ఇలా ఇవ్వండి, బెల్లం వేసి చిమ్మిలి దంచుతాను. లేవగానే ఆకలంటాడు."